కళ్ళు తనవి, కాళ్ళు నావి

మొదటి రోజు

ఉదయం: రెండు ఇడ్లీలు, టీ. ఆట: నాలుగు నిమిషాలు. వాంతి: అయింది.

ఆస్పత్రివాళ్ళు ఈ పుస్తకం ఇచ్చి రోజూ ఈ మూడు సంగతులు రాయమన్నారు. ముప్పై ఏళ్ళు ట్రిప్ షీట్లు నింపినవాణ్ణి కనుక రాయడం నాకు కష్టం కాదు. మూడు ముక్కల్లో ఆపడమే చేతకావడం లేదు.

నా పేరు రొంగలి పోలినాయుడు. పాడేరు ఘాట్‌రోడ్డులో బస్సు నడిపాను. బస్సులు తమంతట తామే మలుపులు తిరగడం నేర్చుకున్నాక మా డ్రైవర్లందరినీ ఇళ్ళకు పంపేశారు. నా బస్సులో వాంతి చేసుకున్నవాళ్ళకు లెక్క లేదు. కిటికీ పక్కకి జరగండమ్మా అని పైకి అని, లోపల నవ్వుకునేవాణ్ణి. అన్నేళ్ళలో నాకు ఒక్కసారి కూడా కడుపులో తిప్పలేదు. ఈరోజు పిల్లలాడుకునే ఆట ముందు నాలుగు నిమిషాలు నిలబడలేకపోయాను.

కిన్నెర నా కూతురు. ఇరవై మూడేళ్ళు. మూడు నెలల కిందట కొండచరియ జారినప్పుడు దాని వెన్ను దెబ్బతింది. నడుం కింద ఏమీ తెలియదు. మొన్న ఇక్కడి డాక్టర్లు తెగినచోట నరాల వంతెన వేశారు. జీలకర్ర గింజంత ఉంటుందట. అది ఇంకా ఏమీ తెలియని పసిగుడ్డు లాంటిదని, దానికి నడక నేర్పాలని ఫిజియో డాక్టర్ షకీలా చెప్పింది.

“అది నేర్చుకునే వయసు అరవై రోజులే నాయుడుగారూ. ఆ తర్వాత గట్టిపడిపోతుంది. ఈలోపు ఆపకుండా నలభై నిమిషాలు నడిచిన నడకలు ఇరవై కావాలి. రోజుకి ఒకటే పనికొస్తుంది. ముప్పై తొమ్మిది నిమిషాలకి ఆగితే అది లెక్కలోకి రాదు.”

నడక నేర్పేది ఆటతో. కొండదారిలో నడుస్తూ, వాన వచ్చేలోపు విత్తనాలు ఏరుకునే ఆట. కిన్నెర చిన్నప్పుడు ఇంట్లో ఆడుతూనే ఉండేది. ఇక్కడ దాన్ని కొంచెం మార్చారు. ఆటలో మనిషి ఒక్కరే. ఎటు పోవాలో, ఎటు చూడాలో మంచం మీద పడుకున్న కిన్నెర అనుకుంటుంది. పక్కన నేను తీగల మేజోళ్ళు తొడుక్కుని, ట్రెడ్‌మిల్ మీద అడుగులు వేస్తాను. నా అడుగులు తన వెన్నులోకి వెళతాయి. ఇద్దరం హెడ్‌సెట్లు పెట్టుకుని ఒకే దృశ్యం చూడాలి. కళ్ళు తనవి, కాళ్ళు నావి. ఆ రెండూ కలిస్తేనే వంతెన నేర్చుకుంటుంది. సొంత రక్తం నడక అయితే తొందరగా పట్టుకుంటుందట. తల్లి దీనికి ఆరేళ్ళప్పుడే ఎండదెబ్బకు పోయింది. ఉన్నది నేనొక్కణ్ణే.

రెండో రోజు

ఆట: మూడు నిమిషాలు. వాంతి: అయింది.

నిన్నటికన్నా తగ్గింది. తను విత్తనం కోసం కిందికి చూసింది. నా తల కదల్లేదు, నా కళ్ళ ముందు కొండ మాత్రం బోర్లా పడింది. ట్రెడ్‌మిల్ కడ్డీ పట్టుకుని కూర్చుండిపోయాను.

మాత్ర ఏదైనా ఇవ్వమ్మా అన్నాను షకీలాతో.

“మాత్ర వేస్తే మీకు తిరగడం తగ్గుతుంది. మీ ఒంటి నిలకడ కూడా మొద్దుబారుతుంది. అప్పుడు వంతెన తాగుబోతు నడక నేర్చుకుంటుంది.”

అవునమ్మా, వద్దులే అన్నాను. కిన్నెర గోడవైపు చూస్తూ పడుకుంది. ఈ మూడు నెలల్లో అది నాతో మాట్లాడిన మాటలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. నీళ్ళు. లైటు. చాలు. అంతే.

అయిదో రోజు

ఆట: ఆరు నిమిషాలు. వాంతి: అయింది.

తోడున్నవాళ్ళకు కింది అంతస్తులో గదులిచ్చారు. సముద్రం పాత ఊళ్ళోకి వచ్చినప్పటి నుంచి ఆస్పత్రులన్నీ కొండ మీదికి చేరాయి కాబట్టి కుళాయి పొద్దున్న అరగంటే వస్తుంది. నీళ్ళు పట్టుకుని, ఎవరూ బయట ఉండొద్దని చెప్పే ఎండ సైరన్ మోగేలోపు బట్టలు ఆరేసి, లోపలికి వచ్చి, ఇడ్లీ తిని ఆటకు ఎక్కుతాను. ఎక్కే ముందే కడుపు బెదిరిపోతోంది.

ఇన్ని మలుపుల కొండదారి ఎందుకు, ఆటలో బీచ్ రోడ్డు లాంటిదేమీ లేదా అని షకీలాను అడిగాను. ఉందట. కానీ దారి ఎంచుకోవలసింది కిన్నెరే. మనసు లేని దారిలో నడిస్తే వంతెన పలకదట. నా మీద కోపంతోనే ఈ దారి ఎంచుకుందేమోనన్న ఆలోచన వచ్చింది. వచ్చినందుకు సిగ్గుపడ్డాను.

ఎనిమిదో రోజు

ఆట: పద్నాలుగు నిమిషాలు.

ఈరోజు పళ్ళు బిగబట్టి నిలబడ్డాను. చెమటలు కారిపోయినా దిగలేదు. పద్నాలుగో నిమిషంలో హెడ్‌సెట్ తీసేలోపే వాంతి అయింది. పడిపోబోతే ఆయా వచ్చి పట్టుకుంది.

నేను నేల మీద కూర్చుని ఉండగా కిన్నెర పూర్తి వాక్యం ఒకటి మాట్లాడింది. నాతో కాదు, షకీలాతో.

“ఈయన్ని మార్చీండి మేడమ్.”

తొమ్మిదో రోజు

ఆట: లేదు.

హెడ్‌సెట్ రబ్బరు వాసన ముక్కుకు తగలగానే కడుపు మెలిపెట్టింది. పెట్టుకోనేలేదు. మార్చడానికి ఇంకెవరూ లేరని షకీలా కిన్నెరకు నెమ్మదిగా చెప్పింది. నేను గుమ్మం బయట నిలబడి విన్నాను.

సాయంత్రం పైడితల్లికి ఫోను చేశాను. పదకొండేళ్ళు నా బస్సులో కండక్టరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మొదటి మలుపు దాటగానే కిటికీలోంచి తల బయటపెట్టేది. నాలుగు నెలలయ్యాక ఉన్నట్టుండి మానేసింది. ఎలా మానేసిందో నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడడిగాను.

“ఫోన్లో సెప్పీది కాదన్నా, నానొస్తాను” అంది.

పదకొండో రోజు

పైడితల్లి చోడవరం నుంచి పొద్దుటి బస్సులో వచ్చింది. చేతిలో గుడ్డసంచి, అందులో శొంఠి, ఎండు ఉసిరి ముక్కలు, చేతిలో పట్టే బ్యాటరీ ఫ్యాను. నన్ను ఎగాదిగా చూసింది.

“ముప్పై ఏళ్ళు మమ్మల్ని సూసి నవ్వినావు. ఇప్పుడు తెలిసిందేటి?”

“తెలిసింది. ఎలా మానేశావో చెప్పు.”

ఆమె చెప్పిన సంగతి నాకు ఈరోజు దాకా తెలియదు. ఆ నాలుగు నెలలూ సెలవు దొరికిన ప్రతిరోజూ టికెట్టు తీసుకుని, వేరే డ్రైవరు బస్సులో ఘాట్ ఎక్కేదట. కడుపులో తిప్పకముందే, ఇంకొంచెం పోతే తిప్పుతుందనగానే దిగిపోయేది. కిందికి వచ్చే బస్సు కోసం రాయి మీద కూర్చునేది. మళ్ళీ సెలవుకి ఇంకొక మలుపు పైకి. నలుగురు పిల్లల తల్లి, భర్తకి ఒంట్లో బాగుండదు, ఆ ఉద్యోగం పోతే ఇల్లు గడవదు.

“తిప్పినాక దిగితే, బస్సంటే వాంతేనని కడుపు గురుతెట్టుకుంటాది. తిప్పకముందే దిగితే, ఏటీ అవలేదు కదా అనుకుంటాది. దాన్ని మోసం సెయ్యకూడదన్నా, బుజ్జగించాలి. నువ్వు మొన్న దాన్ని బలవంతంగా ఈడిసినావు.”

ఇడ్లీలు మానిపించింది. ఆటకు గంట ముందు అటుకులు పిడికెడు, శొంఠినీళ్ళు గుక్కెడు. ఫ్యాను గాలి మొహాన తగిలేటట్టు కట్టింది. హెడ్‌సెట్ రబ్బరుకి నిమ్మతొక్క రుద్దింది. షకీలా వచ్చి ఇదంతా చూసి, నవ్వి, మలుపుల దగ్గర దృశ్యం అంచులు కొంచెం చీకటి చేస్తానంది. అంతకు మించి చీకటైతే వంతెన ఒప్పుకోదట.

ఆట: అయిదు నిమిషాలకే దిగిపోయాను, బాగున్నప్పుడే. వాంతి: లేదు. ఈ మాట రాయడం ఇదే మొదటిసారి.

పద్నాలుగో రోజు

ఆట: ఉదయం ఎనిమిది, మధ్యాహ్నం ఎనిమిది, సాయంత్రం తొమ్మిది నిమిషాలు. వాంతి: లేదు.

పైడితల్లి నా గది పక్కన ఆడవాళ్ళ హాల్లో పడుకుంటోంది. రెండు రోజుల్లో వెళ్ళాల్సిన మనిషి. మనవరాలి పరీక్షలున్నాయి. ఎప్పుడు వెళతావంటే వినిపించనట్టు ఊరుకుంటుంది. పొద్దున్న కుళాయి వరసలో నాకన్నా ముందు ఆమే ఉంటోంది. కిన్నెర తల దువ్వి జడ వేస్తుంది. దానితో ఏవో కబుర్లు చెబుతుంది. ఈరోజు అది నవ్వినట్టు బయటికి వినిపించింది. లోపలికి వెళితే ఆగిపోతుందని వెళ్ళలేదు.

పద్దెనిమిదో రోజు

ఆట: పదిహేను నిమిషాలు. వాంతి: లేదు.

మామూలు మనుషులకు ఇదేమీ కాదు. నాకు మాత్రం ఎవరో చేతిలో పెట్టిన బహుమతి లాగే ఉంది.

ఇరవై నాలుగో రోజు

ఆట: పద్దెనిమిది. నిన్న పద్దెనిమిది. మొన్న పదిహేడు.

ఆగిపోయింది. తిండి మార్చాం, గాలి మార్చాం, వేళ మార్చాం. పద్దెనిమిది దాటగానే నాలుక కింద నీళ్ళూరుతాయి, దిగిపోతాను.

షకీలా గోడమీది క్యాలెండర్ దగ్గర నిలబడి వేలితో చూపించింది. నలభై ఒకటో రోజుకి మొదటి నలభై నిమిషాలు పడాలి. ఆ రోజు దాటితే ఇరవై నడకలకు చోటు ఉండదు. ఆమె గొంతులో తప్పుపట్టడం లేదు. అందుకే ఇంకా కష్టంగా ఉంది.

ఇరవై ఆరో రోజు

ఆట: పదిహేడు నిమిషాలు.

ఈరోజు పైడితల్లి స్టూలు వేసుకుని నన్నూ, ఆట కనిపించే గోడమీది తెరనూ మార్చి మార్చి చూస్తూ కూర్చుంది. నేను దిగాక చెప్పింది.

“నువ్వు తిన్నటి దారిలో బాగానే ఉంటన్నావు. మలుపుకాడే తూలతన్నావు. మలుపు అయిపోయినాక నీ ఒళ్ళు తిరుగుతంది.”

“అయితే?”

“బస్సులో నీకెందుకు తిప్పలేదో తెలిసిందేటి? స్టీరింగు నీ సేతిలో ఉండీది. మలుపు రాకముందే నీ ఒంటికి తెలిసీది. ఎనకాల కూకున్న మాకు వొచ్చినాకే తెలిసీది. ఇక్కడ స్టీరింగు నీ కూతురి సేతిలో ఉంది. నువ్వు ఎనకాల సీటు మనిసివి.”

ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన నాకు తట్టని సంగతి అది. టికెట్లు కొట్టిన మనిషికి తట్టింది.

“మరేం చెయ్యాలి?”

“ఆ పిల్లని ముందే సెప్పమను. ఎడం, కుడి, కింద, పైన.”

“అది నాతో మాట్లాడదు పైడమ్మా.”

“అడిగినావేటి?”

ఇరవై ఏడో రోజు

అడిగాను. మంచం పక్కన నిలబడి, మలుపు తిరిగే ముందు ఒక్క మాట చెబితే నాకు తిరగదమ్మా అన్నాను. కిన్నెర కళ్ళు మూసుకుంది. “సూస్తాను” అంది.

ఆటలో ఏమీ చెప్పలేదు. పదహారు నిమిషాలు.

ఇరవై ఎనిమిదో రోజు

ఆట: ఇరవై మూడు నిమిషాలు. వాంతి: లేదు.

ఏడో నిమిషం దాకా నిశ్శబ్దం. తర్వాత నా చెవి పక్కన, చాలా దగ్గరగా, “ఎడం” అని వినిపించింది. నా భుజం దానంతటదే ఎడమకు వాలింది. కొండ తిరిగింది. కడుపు తిరగలేదు.

“కిందికి.” “కుడి.” “కుడే, ఇంకా.” “పైకి సూస్తన్నాను.”

అంతే, ఒట్టి మాటలు. ఇరవై మూడు నిమిషాలు నా కూతురు నాతో మాట్లాడింది. దిగాక గదికి పోయి మొహం కడుక్కున్నాను. పైడితల్లి ఏమైందన్నా అంటే ఏమీ కాలేదన్నాను. నిజంగానే ఏమీ కాలేదు.

ముప్పై ఒకటో రోజు

ఆట: ఇరవై తొమ్మిది నిమిషాలు. వాంతి: లేదు.

మాటలు పొడుగవుతున్నాయి. “రాయి దాటాక ఎడం, పెద్ద మలుపు” అంటోంది. ఈరోజు విత్తనాలు ఏరడం మానేసి ఒక చెట్టు ముందు ఆగింది.

“నాన్నా, ఈ మద్దిచెట్టు మొదలు సూడు. వంకరగా పెరిగింది కదా. కింద నేల కొద్దికొద్దిగా జారతంటే చెట్టు నిటారుగా నిలబడ్డానికి అలా వంగుద్ది. ఇలాటివి మూడు వరసగా ఉంటే అక్కడ మేకు దిగ్గొడతాం. నేల కదిల్తే ఆ మేకే సెప్పుద్ది, బస్సులాపీమని.”

దాని ఉద్యోగం ఏమిటో నేను మొదటిసారి విన్నాను. కొండకాపలా అంటే వానలో బురద తొక్కడం అనుకున్నాను. ఇంట్లో కూర్చుని చేసే పని చూసుకోమని రెండేళ్ళు పోరాను. అది వినకపోతే నేనే మాట్లాడ్డం మానేశాను. మొదట మానింది నేను. ఆ సంగతి ఈ పుస్తకంలో ఇప్పటిదాకా రాయలేదు.

ముప్పై నాలుగో రోజు

ఆట: ముప్పై రెండు నిమిషాలు. వాంతి: లేదు.

ఇరవయ్యో నిమిషంలో, తిన్నటి దారిలో ఉండగా అడిగింది.

“ఆ రోజు ఫోను ఎందుకు తియ్యలేదు నాన్నా?”

నా కాళ్ళు ఆగబోయాయి. ఆగితే నడక తెగుతుంది.

ఆ రోజు చరియ కింద దాని కాళ్ళు ఇరుక్కున్నాయి. చేయీ ఫోనూ పైన ఉన్నాయి. నాకు రెండుసార్లు చేసింది. నేను అరుగు మీద కూర్చుని పేరు చూశాను. పంతం కొద్దీ తియ్యలేదు.

“కంట్రోల్ రూముకి ముందే సెప్పేను. వాళ్ళు బయల్దేరేరు. రెండు గంటలు పడతాదన్నారు. నువ్వొచ్చి తీస్తావని కాదు. ఊరికే, మాటాడతావని.”

ఏదో ఒక అబద్ధం చెప్పాలని నోటిదాకా వచ్చింది. స్నానానికి వెళ్ళానని, ఫోను లోపలుందని.

“చూశానమ్మా. నీ పేరు చూసి, రెండుసార్లూ చూసి, తియ్యలేదు. నువ్వే దారికి రావాలనుకున్నాను. తప్పు చేశాను.”

అడుగులు వేస్తూనే ఉన్నాను. ఇక మాట్లాడదు, ముందు మలుపు చెప్పదు, చెప్పకపోయినా పడతానులే అనుకున్నాను. అది ఏడుస్తున్నట్టుంది. దృశ్యం కొంచెం వణికింది.

“కుడి మలుపు వస్తంది నాన్నా” అంది.

ముప్పై ఏడో రోజు

ఆట: నలభై నిమిషాలు. వాంతి: లేదు.

షకీలా క్యాలెండర్ మీద మొదటి ఎర్రచుక్క పెట్టింది. ట్రెడ్‌మిల్ దిగి తుడుచుకుంటుంటే కిన్నెర అంది, “మొదట్లో ఈయన్ని మార్చీమన్నాను కదా. నువ్వు వాంతి సేసుకుంటంటే వినలేకపోయేను. కోపంతో కాదు.”

ఇన్నాళ్ళూ గుండెలో ముల్లులా ఉన్న మాట అది. ముల్లు తీసింది కూడా కిన్నెరే.

నలభయ్యో రోజు

నాలుగో చుక్క. పైడితల్లి ఈరోజు వెళ్ళిపోయింది. మనవరాలి పరీక్షలు ఆమె లేకుండానే అయిపోయాయి. బస్సు దాకా వెళ్ళాను. ఎండ సైరన్ మోగేలోపు రెండే నిమిషాలున్నాయి.

మా మధ్య కృతజ్ఞతలు చెప్పుకునే అలవాటు లేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియక, “సెలవురోజుల్లో నువ్వలా రాళ్ళ మీద కూర్చున్నావని తెలిస్తే నేను నవ్వి ఉండేవాణ్ణి కాదు” అన్నాను.

“నవ్వీవోడివే” అంది. “నువ్వు నవ్వతన్నావనే పట్టుదల వొచ్చింది నాకు. ఎల్లు, ఎండెక్కుతంది.”

ఈ పుస్తకం మొదటి పేజీలో వైద్య సహాయకుల పేర్లు రాసే గడి ఉంది. డాక్టర్ షకీలా పేరు కింద పైడితల్లి పేరు రాశాను. పక్కన అర్హత అని ఉంటే ‘కండక్టరు’ అని రాశాను. రేపు షకీలా చూసి ఏమంటుందో చూడాలి.

నలభై తొమ్మిదో రోజు

పన్నెండు చుక్కలయ్యాయి. ఈరోజు ముప్పై మూడో నిమిషంలో కరెంటు పోయింది. బ్యాటరీలు పని అందుకునేలోపు నాలుగు సెకన్లు దృశ్యం నల్లగా అయింది. నడక తెగింది, చుక్క లేదు. ఎవరి తప్పూ కాదు. గాలివానకు కొండ మీది సోలార్ పలకలు మూడు లేచిపోయాయి. వాటిని తాళ్ళతో కట్టడానికి వానలో పైకెక్కినవాళ్ళను కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను.

పైడితల్లి పేరు షకీలా చూసింది. కింద తన సంతకం పెట్టింది.

యాభై నాలుగో రోజు

పదిహేను చుక్కలు. నిన్నా ఈరోజూ ఆట లేదు. కిన్నెరకు జ్వరం. వంతెన దగ్గర వాపేమోనని స్కాన్ తీశారు. కాదట, మామూలు జ్వరమే. తడిగుడ్డ మారుస్తూ కూర్చున్నాను.

ఇంకా అయిదు నడకలు కావాలి. మిగిలినవి ఆరు రోజులు.

“తగ్గకపోతే ఏటవుద్ది నాన్నా?”

“తగ్గుతుంది.”

“తగ్గకపోతే?”

“మంచం కిటికీ దగ్గరికి జరుపుదాం. కొండలు కనిపిస్తాయి. మేకులు ఎక్కడ దిగ్గొట్టాలో నువ్వు చెప్పు, నేను ఎక్కుతాను.”

“నువ్వు తప్పుగా దిగ్గొడతావు” అని కళ్ళు మూసుకుంది.

యాభై తొమ్మిదో రోజు

జ్వరం తగ్గాక వరసగా నాలుగు నడకలు పడ్డాయి. ఈరోజుది ఇరవయ్యోది.

ఆటలో ఇన్నాళ్ళూ మేం కొండ పైదాకా పోలేదు. ఈరోజు కిన్నెర వేగంగా పోయింది. ముప్పై అయిదో నిమిషంలో పైదారికి చేరగానే ఆటలో వాన మొదలైంది. పిల్లల ఆటే కదా, చినుకులు పెద్ద పెద్ద పూసల్లా ఉన్నాయి. తర్వాత పక్కనున్న మట్టి కదిలింది. ఆటలో అక్కడ మట్టి అలాగే జారుతుందట. విత్తనాలు పట్టుకుని పరిగెత్తితే గెలిచినట్టు.

కిన్నెర మాట ఆగిపోయింది.

దృశ్యం కిందికి, పైకి, వెనక్కి ఊగింది. ఎటు చూస్తుందో దానికే తెలియడం లేదు. నాకు మలుపులు చెప్పేవాళ్ళు లేరు. కడుపులోంచి పైకి తన్నుకొచ్చింది. షకీలా గొంతు బయటి నుంచి, “ఆపేద్దామా, రేపు ఒక్కరోజు ఉంది” అంటోంది. రేపటి సంగతి ఎవరు చూశారు. జ్వరం తిరిగి రావచ్చు, కరెంటు పోవచ్చు.

“కిన్నెరా, వింటున్నావా?”

ఊపిరి మాత్రం వినిపించింది.

“నేను ఇక్కడే ఉన్నాను. కాళ్ళు ఆపలేదు. చూడు, నడుస్తున్నాం. నీకేం కనిపిస్తోందో చెప్పు.”

“మట్టి.”

“ఇంకా?”

“మట్టే నాన్నా, పైకొస్తంది.”

“దారి ఎటుంది?”

“తెలీదు.”

“తొందర లేదు. నువ్వు ఎటన్నా చూడు, నేను నడుస్తూనే ఉంటాను. దారి కనిపిస్తే చెప్పు.”

నోట్లోకి వచ్చింది మింగేశాను. పైడితల్లి వింటే తిడుతుంది. కడ్డీ పట్టుకున్న వేళ్ళు తిమ్మిరెక్కాయి. దానితో ఏవేవో మాట్లాడాను. ఆ పూట అటుకుల్లో ఉప్పు ఎక్కువైందని, కుళాయి వరసలో ఒకాయన బిందె పోయిందని. ఏం మాట్లాడానో సగం గుర్తులేదు. మాట ఆపకూడదని మాత్రం తెలుసు.

“కుడి” అంది చివరికి. “కుడి పక్కన మెట్లున్నాయి. దిగుతన్నాను.”

దిగాం. షకీలా నలభై అని చెప్పింది. హెడ్‌సెట్ తీసి, పక్కనున్న బకెట్ దగ్గరికి పాక్కుంటూ వెళ్ళాను.

ఆట: నలభై నిమిషాల పదకొండు సెకన్లు. వాంతి: అయింది, దిగిన తర్వాతే.

కిన్నెర మంచం మీంచి చెయ్యి కిందికి చాపింది. నేల మీద కూర్చునే దాన్ని పట్టుకున్నాను.

అరవై రెండో రోజు

పరీక్ష. నరాల డాక్టర్లు ముగ్గురు వచ్చారు. కుడి పాదం కదపమన్నారు. చాలాసేపు ఏమీ లేదు. కిన్నెర నుదుటి మీద చెమట పట్టింది. బొటనవేలు కదిలింది. డాక్టరు మళ్ళీ అంటే మళ్ళీ కదిలింది.

ఎడమ కాలు అంతగా నేర్చుకోలేదట. జీవితాంతం కొంచెం ఈడ్చుకుని నడవాలి, కొండలెక్కడం గురించి ఇప్పుడే చెప్పలేం అన్నారు. కిన్నెర తలూపింది. నేను వాళ్ళకు దణ్ణం పెట్టాను. ఒకాయన మొహమాటపడి నా చేతులు పట్టుకుని దించాడు.

పైడితల్లికి ఫోను చేసి చెప్పాను. “పిల్లకి ఇయ్యి” అంది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

డెబ్బయ్యో రోజు

కడ్డీలు పట్టుకుని నిలబడింది. పదకొండు అడుగులు. ఆట ఇక అవసరం లేదని షకీలా హెడ్‌సెట్లు తీసుకుపోయింది. మూడో నంబరు గదిలో కొత్తగా ఒక పిల్లవాణ్ణి చేర్చారు, వాళ్ళమ్మ నిన్న రెండు నిమిషాలకే పడిపోయిందట. పుస్తకంలో మీ పేజీలు ఆమెకు చూపించవచ్చా అని అడిగింది. చూపించమన్నాను. చూపించేముందు, పదకొండో రోజు పేజీ నుంచి చదవమని చెప్పమన్నాను. అంతకు ముందువన్నీ తప్పులే.

ఎనభై ఒకటో రోజు

ఆస్పత్రివాళ్ళు ఈ పుస్తకం రేపు తిరిగి తీసుకుంటారు. ఇల్లు చేరే ఏర్పాట్లు అవుతున్నాయి.

ఈ ఉదయం నేను నీళ్ళు పట్టుకుని వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. ఊతకర్ర కూడా లేదు. గాభరాగా చుట్టూ చూశాను. కిన్నెర గది చివర, బాత్‌రూమ్ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. ఇన్ని నెలలు దాన్ని అక్కడికి ఎత్తుకెళ్ళింది ఆయాలు, నర్సులు, పైడితల్లి, కొన్నిసార్లు నేను. తలుపు తెరిచే ఉంచేవాళ్ళం. ఎవరో ఒకరు గుమ్మంలో నిలబడేవాళ్ళు. ఆ సంగతి మేమెవరం మాట్లాడుకోలేదు. అది మొహం పక్కకు తిప్పుకునేది.

సాయం పట్టడానికి రెండడుగులు వేశాను.

“వద్దు నాన్నా” అంది.

ఎడమ కాలు ఈడ్చుకుంటూ లోపలికి వెళ్ళింది. తలుపు వేసుకుంది. లోపల గడియ పడింది.

బిందె చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను.